కువైట్ నాయనల పిలకాయలను ఏ లెక్కలో రాస్తారు?

(బహిరంగ లేఖ)

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి, విద్యాశాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులకు, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ బాధ్యులకు, మా మెట్ట మండలాల బడుల ప్రధానోపాధ్యాయులకు,

నమస్కారం.

మాది ఉదయగిరి కొండ కింద ఒక పల్లె. దగ్గర్లోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంటాను. మా నాయన కువైట్‌లో ఇంటి డ్రైవరుగా చేశాడు. నేను ఒకటో తరగతిలో ఉండగా పోయినవాడు, నా డిగ్రీ అయ్యేనాటికి గానీ పూర్తిగా ఇంటికి రాలేదు. మధ్యమధ్య సెలవు మీద వచ్చిపోయాడు. ఇందులో విశేషమేమీ లేదు, మా వీధిలో చాలా ఇళ్ల సంగతి ఇదే. విశేషం కాదు కాబట్టే ఎవరూ పట్టించుకోలేదేమో.

నిరుడు మేం కొందరు టీచర్లం, కొందరు తల్లులం కలిసి ఒక అర్జీ రాశాం. తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు బడిలో, ఇంట్లో పడే ఇబ్బందులు రాసి, ఏం చేస్తే బాగుంటుందో కూడా రాసి, సంతకాలు పెట్టి ఒక కార్యాలయంలో ఇచ్చాం. ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం. వాళ్లు ఇంకో శాఖకు పంపారు. ఆ శాఖ మాకు సంబంధం లేదని తిప్పి పంపింది. చివరికి మీ అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో కనుక్కుందామని ఫోన్ చేస్తే అవతలి సారు మర్యాదగానే మాట్లాడారు. "డబ్బులు బాగానే పంపిస్తున్నారు కదమ్మా, ఇంక పిల్లలకు సమస్యేముంది?" అన్నారు.

ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే తెలియక అడిగారు. అధికారుల్లో చాలామందికి ఇదే అభిప్రాయం ఉందని నాకు అనుమానం. అందుకే అందరికీ కలిపి, అందరూ చూసేలా రాస్తున్నాను.

ముందే ఒక మాట. వలస పోవడం తప్పా ఒప్పా అన్నది ఈ ఉత్తరంలో సంగతి కాదు. ఉదయగిరి, సీతారామపురం, దుత్తలూరు, వరికుంటపాడు, కొండాపురం, వాటిని ఆనుకుని అవతల పామూరు, సీఎస్ పురం, వెలిగండ్ల, కనిగిరి. ఈ పట్టీలో బోరు వేస్తే నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. పొగాకు ధర ఏ ఏడు ఎట్టా ఉంటుందో కలిగిరి, డీసీ పల్లి వేలం కేంద్రాలకు పోయి వచ్చిన రైతుకే తెలుసు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం మా తాతల నాటి నుంచి ఎదురుచూపులే. కువైట్‌లో వంద దినార్లు దొరికినా మన డబ్బుల్లో పాతికవేలు దాటుతుంది. పోకేం చేస్తారు? పోయినవాళ్లను ఎవరమూ తప్పుపట్టడం లేదు. వాళ్ల పిలకాయల గురించి ఎవరు మాట్లాడతారన్నదే ప్రశ్న.

నేను ఆ పిలకాయల్లో ఒకదాన్ని. ఇప్పుడు అలాంటి పిలకాయలకే పాఠాలు చెబుతున్నాను. రెండు వైపుల నుంచీ చూసింది రాస్తున్నాను.

1. వారం కలవదు, వేళ కలవదు.

కువైట్‌లో సెలవు శుక్రవారం. మన పిల్లలకు ఆదివారం. తండ్రికి కాస్త తీరిక దొరికే రోజున పిల్లలు బడిలో ఉంటారు. పిల్లలు ఇంట్లో ఉండే రోజున తండ్రి పనిలో ఉంటాడు. పైగా కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. పొద్దున ఎనిమిదిన్నరకు మన పిల్లలు సంచి తగిలించుకునేటప్పుడు అక్కడ ఆరు. ఇంటి డ్రైవరుకు ఊపిరి సలపని వేళ అదే. రాత్రి పని ముగించి గదికి చేరేసరికి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది, అంటే మనకు పదిన్నర, పదకొండున్నర. పిల్లలను నిద్రలేపి ఫోన్ చేతికివ్వాలి. నిద్రకళ్లతో "తిన్నా నాయనా, బాగా చదువుతున్నా" అంటారు, మళ్లీ పడుకుంటారు. తండ్రీ పిల్లల మాటలు చాలా ఇళ్లలో ఇంతే. దుబాయ్‌లో ఉన్నవాళ్లకయితే వాట్సాప్ కాల్ కూడా పనిచేయదు, వేరే యాప్ పెట్టుకోవాలి. దానికి మా అవ్వలు అలవాటు పడేసరికి ఏడాది గడుస్తుంది.

మా నాయన పనే యజమాని పిల్లలను పొద్దున బడికి దించడం, మధ్యాహ్నం పోయి తీసుకురావడం. ఆ ఇంట్లో నా ఈడు పాప ఉండేది. ఆమె ఏ టీచరుకు భయపడుతుందో, ఏ రోజు పరీక్ష ఉందో ఆయనకు తెలుసు. నేను ఏ సెక్షన్‌లో ఉన్నానో మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా అమ్మను అడిగేవాడు. ఆయన మంచి తండ్రి. ఆ పని అట్టాంటిది.

నాకు బూట్లు కొనడానికి అమ్మ తెల్లకాగితం మీద నా పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, సెలవు ముగించుకుని తిరిగిపోయే వాళ్లెవరి చేతికో ఇచ్చేది. నాయన ఆ గీతకు సరిపోయే బూట్లు కొని, మళ్లీ మన వైపుకు ఎవరైనా వచ్చేదాకా దాచి, వాళ్లతో పంపేవాడు. అవి వచ్చేసరికి వేళ్లు ముడుచుకుంటే గానీ పట్టేవి కావు. తమ్ముడి కోసం అటక మీదకెక్కేవి. ఇప్పుడు కార్గో త్వరగా వస్తోంది, కొలత ఫోన్‌లో పంపొచ్చు. అయినా దూరాన ఉన్న తండ్రి మనసులో పిల్ల వయసు ఒకటి రెండేళ్లు తక్కువగానే ఉంటుంది. ఇది బూట్లతో ఆగితే ఫర్వాలేదు. పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలి, ఇంటర్‌కు నెల్లూరు హాస్టల్లో వేయాలా, ఊరి నుంచి బస్సులో పోయి రావాలా అన్న నిర్ణయాలు కూడా ఆ పాత కొలతతోనే జరుగుతాయి. లేదా చిన్నాయనో మేనమామో చేస్తారు. పిల్లను అడిగేది ఆఖరున.

2. అబద్ధాలు.

"జ్వరమొచ్చిందని నాయనకు చెప్పొద్దు." "బోరు ఎండిపోయిందని చెప్పొద్దు." "లెక్కల్లో తప్పానని చెప్పొద్దు, అక్కడ ఒంటరిగా ఉన్నాడు, టెన్షన్ పడతాడు." ఈ మాటలు వినకుండా పెరిగిన కువైట్ పిలకాయ ఒక్కరూ లేరు. అటువైపు తండ్రీ అంతే. రెండు నెలల జీతం రాలేదని చెప్పడు. ఎండకు కళ్లు తిరిగి పడ్డానని చెప్పడు. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని చట్టమే ఉంది. ఎండ ఎట్టాంటిదో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు, ప్రేమతో చేసే పనే. కానీ ఏడెనిమిదేళ్లకే ఏది చెప్పాలో ఏది దాచాలో నేర్చిన పిల్ల బడిలో కూడా దాస్తుంది. అట్టాంటి పిల్లలకు మా స్టాఫ్ రూములో మంచి పేరుంటుంది. "నోట్లో నాలుక లేదు, బుద్ధిగా ఉంటుంది" అంటారు. ఆ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. ట్యూషన్‌లో, బస్సులో, చుట్టాలింట్లో ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే ఆ పిల్ల ఎవరికి చెబుతుంది? అమ్మకు చెబితే అమ్మ భయపడుతుంది, నాయనకు చెబితే ఉద్యోగం వదిలేసి వస్తాడు, అప్పు మిగులుతుంది. ఇంత లెక్క వేసుకుని నోరు మూసుకున్న పిల్లను నేను చూశాను. వివరాలు రాయను. నెలల తర్వాత, అదీ వేరే పిల్ల ద్వారా బయటపడింది.

3. వడ్డీ.

రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి దగ్గర 30,000 రూపాయలు, దానిమీద జీఎస్‌టీ తప్ప తీసుకోకూడదని కేంద్ర ప్రభుత్వ నిబంధన. మా ఊళ్లలో ఆ మాట చెబితే నవ్వుతారు. లైసెన్సు లేని సబ్ ఏజెంట్లు లక్ష, లక్షన్నర, ఇంకా పైన కూడా అడుగుతారు. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి వస్తుంది. మొదటి ఏడాది రెండేళ్లు పంపిన డబ్బంతా అప్పుల వాళ్లకే. "బాగానే పంపిస్తున్నారు కదా" అన్న సారు గారికి ఈ సంగతి తెలియాలి. అప్పుల వాళ్లు ఇంటికొస్తే గుమ్మంలోకి వచ్చేది పిల్లలే. "అమ్మ లేదని చెప్పు" అని లోపలి నుంచి మాట వస్తుంది. చక్రవడ్డీ పాఠం నేను మొదలుపెట్టేసరికి మా క్లాసులో కొందరికి అది ముందే వచ్చి ఉంటుంది.

4. మగదిక్కు.

పన్నెండేళ్ల పిల్లవాడు బ్యాంకుకు పోతాడు, కరెంటు బిల్లు కడతాడు, చావుకూ పెళ్లికీ తండ్రి తరఫున పోయి కూర్చుంటాడు. పొగాకు కాల్చే రోజుల్లో రాత్రిళ్లు బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) దగ్గర పడుకుంటాడు. పొద్దున క్లాసులో నిద్రపోతే "కువైట్ డబ్బు, ఒళ్లు బలిసింది" అని అనేవాళ్లను విన్నాను. మా వృత్తిలో వాళ్లే అన్నారు కాబట్టి మరీ బాధనిపించింది. నిజంగా డబ్బు చేతికొచ్చి బైకులెక్కి తిరిగే కుర్రాళ్లు కూడా ఉన్నారు, లేరనను. అయితే ఆ బైకు చాలాసార్లు తండ్రి పక్కన లేని లోటుకు కొనిచ్చినదే.

5. సెలవులో పెళ్లి.

ఇది అన్నిటికన్నా ముఖ్యం. దయచేసి ఆగి చదవండి.

తండ్రికి సెలవు రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి దొరుకుతుంది, మహా అయితే రెండు నెలలు. ఆ రెండు నెలల్లో మిగిలిన అప్పు సర్దాలి, ఇంటికి స్లాబు వేయాలి, పొలం గట్టు తగాదా తేల్చుకోవాలి, ఆడపిల్ల ఉంటే సంబంధం చూడాలి. మొదటి వారం రోజులు చిన్నపిల్లలు ఆయన దగ్గరికే రారు, అవ్వ వెనక్కు పోయి నిలబడతారు. చనువు ఏర్పడేసరికి పచ్చళ్ల డబ్బాలు, కారప్పొడి, ఎండు రొయ్యలు అట్టపెట్టెలో సర్ది, కిరాణా కొట్టు కాటా మీద తూకం వేయించే రోజు వచ్చేస్తుంది.

ఈ హడావుడిలో "మళ్లీ ఎప్పుడొస్తాడో, ఈ సెలవులోనే కానిచ్చేద్దాం" అన్న మాట పుడుతుంది. తండ్రి ఊళ్లో లేని ఆడపిల్ల మీద అసలే అందరి కళ్లూ ఉంటాయి. ఎవరితో మాట్లాడింది, సైకిలెక్కి ఎటు పోయింది అని. ఆ భయం తల్లికి. కూతురి పెళ్లి కళ్లారా చూడలేనేమో అన్న భయం తండ్రికి. ఇద్దరి భయం కలిసి పదహారు, పదిహేడేళ్ల పిల్ల మెడలో తాళి పడుతుంది. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని, ఇంటర్ మొదటి ఏడాది పుస్తకాలు కొనుక్కున్న పిల్ల, మే నెలలో నాయన టికెట్టు బుక్ అయిందని తెలిసి సంతోషపడింది. జూన్‌లో కాలేజీకి రాలేదు. నా దగ్గర చదివిన పిల్లే.

బాల్య వివాహ నిషేధ చట్టం 2006 నుంచి ఉంది. ఆడపిల్లకు 18 నిండాలని అందరికీ తెలుసు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయొచ్చనీ తెలుసు. కానీ పెళ్లి పత్రికలు అచ్చయ్యాక, పందిరి వేశాక అధికారులు వచ్చి ఆపితే ఏమవుతుందో కూడా ఆలోచించండి. టికెట్టు ఖర్చు, పెళ్లి అప్పు, పోయిన పరువు, చేజారిన సెలవు, అన్నిటికీ ఆ పిల్లే కారణమంటారు. ఏడాది తిరక్కుండా వేరే ఊళ్లో గుట్టుగా పెళ్లి చేస్తారు. కాబట్టి మాట్లాడాల్సింది టికెట్టు బుక్కయిన రోజున, పందిరి వేసిన రోజున కాదు. తండ్రి సెలవు ఎప్పుడో పిల్ల బడికి తెలిస్తే, ఆ పిల్ల పేరు ఒక పుస్తకంలో ఉంటే, టీచరు ముందే ఒక ఫోన్ చేయగలదు. నేను అట్టా ఒక తండ్రితో కువైట్‌కే ఫోన్ చేసి మాట్లాడాను. అరగంట మాట్లాడితే ఒప్పుకున్నాడు. "ఎవరూ చెప్పలేదమ్మా, చదువుతానంటే నేనెందుకు కాదంటాను" అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది.

6. బడి కాగితాలు, బడి పండగలు.

తల్లి సంతకం చెల్లుతుందని చాలామంది హెచ్‌ఎంలకు తెలుసు. అయినా ఫారంలో మొదటి గడి తండ్రిదే కాబట్టి గుమాస్తా "నాయన సంతకం తీసుకురా" అని పిల్లను వెనక్కు పంపుతాడు. పిల్ల తానే పెట్టేస్తుంది. మా నాయన సంతకం నాకు ఆయన కన్నా బాగా వచ్చు.

మెగా పేరెంట్ టీచర్ మీటింగులు మంచి ఆలోచన, అందులో సందేహం లేదు. 2024 డిసెంబర్ 7న మొదటిసారి పెట్టినప్పుడు మా పక్క బడిలో తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగే పోటీ పెట్టారు. తాడు దగ్గరికి చాలినంత మంది తండ్రులు రాలేదు. ఊళ్లో తాతలను, బడిలో వంట చేసే ఆమె వాళ్లాయనను పిలిచి నిలబెట్టారు. అందరూ నవ్వుకున్నారు, పిల్లలూ నవ్వారు. ఆ బడిలో ఎంతమంది తండ్రులు దేశంలో లేరో ఆ రోజు పొద్దున వరకు ఎవరికీ తెలియదని మాత్రం అర్థమైంది.

7. చెడ్డవార్త.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కూలీలు ఉండే భవనంలో మంటలు లేచి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. మన రాష్ట్రం వాళ్లు ముగ్గురు. మర్నాడు మన బళ్లు తెరిచారు. కొత్త పుస్తకాలు పంచాల్సిన రోజున మా క్లాసులో పిల్లల ధ్యాసంతా టీవీలో చూసిన మంటల మీదే. "నాయన రాత్రి నుంచి ఫోన్ ఎత్తడం లేదు మేడం" అని ఒకడన్నాడు. బడికి ఫోన్ తేకూడదు. ఆఫీసు ఫోన్ నుంచి అంతర్జాతీయ కాల్ పోదు. నా ఫోన్‌లో వాట్సాప్ కాల్ చేయించాను, మధ్యాహ్నానికి దొరికాడు. 2025 జూన్ 23 రాత్రి ఖతర్‌లోని అమెరికా సైనిక స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడూ ఇంతే. దోహా ఎక్కడుందో మ్యాపులో చూపించమని మర్నాడు ఆరో తరగతి పిల్లలు అడిగారు. తండ్రి గది స్థావరానికి ఎంత దూరమో కనుక్కోవాలని.

ఇవి ఒక పూటతో తీరిపోయేవి. తీరనివి వేరే ఉన్నాయి. యజమాని అకామా (అక్కడ ఉండే అనుమతి) రెన్యువల్ చేయించడు, లేదా పారిపోయాడని కేసు పెడతాడు. మనిషి కల్లివెల్లి (కాగితాలు లేనివాడు) అయిపోతాడు. ఫోన్ నంబర్లు మారుతుంటాయి, డబ్బు ఆగిపోతుంది. పిల్లలకు "నాయన కంపెనీ మారాడు" అని చెబుతారు. పట్టుబడి జైల్లో ఉంటే అదీ చెప్పరు. విదేశాంగ శాఖ వాళ్ల 'మదద్' పోర్టల్ 2015 నుంచి ఉంది, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. కానీ పాస్‌పోర్టు నంబరు కావాలి, యజమాని వివరాలు కావాలి. ఇంట్లో ఏ కాగితం కాపీ లేని కుటుంబాలే ఎక్కువ. అన్నీ ఆయన సూట్‌కేసులో పోయాయి.

చనిపోతే శవం రావడానికి వారాలు పట్టొచ్చు. ఆ వారాల్లో పిల్లలకు ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు. కొన్ని ఇళ్లలో అసలు చెప్పరు. చెన్నై విమానాశ్రయం నుంచి అంబులెన్సు బయల్దేరాక కొడుకును బడి నుంచి పిలుస్తారు, తలకొరివికి. ఆ తర్వాత బీమా సంగతి. పదో తరగతి పాసుకాని వాళ్లు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి దేశం దాటే అనుమతి) కావాలి, దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. 275 రూపాయలు కడితే రెండేళ్లు, 375 కడితే మూడేళ్లు, ప్రమాదంలో పోతే 10 లక్షలు. మంచి పథకం. కానీ పది పాసైన వాడికి తప్పనిసరి కాదు, విజిట్ వీసా మీద పోయిన వాడికి అసలు ఉండదు, నిద్రలో గుండె ఆగి పోయినవాడికి ఆ 10 లక్షలు రావు. మా వైపు పోయినవాళ్లలో నేను విన్నవి ఎక్కువగా గుండెపోట్లే. ఇక పాలసీ ఉందన్న సంగతే భార్యకు తెలియని ఇళ్లు ఎన్నో.

ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. తల్లులే కువైట్ ఇళ్లల్లో పనికి పోయి, పిల్లలు అవ్వ దగ్గర పెరిగే కుటుంబాలు కూడా మా వైపు ఉన్నాయి. వాళ్లది ఇంకా కష్టం, దానికి వేరే ఉత్తరం కావాలి. కానీ కింద అడిగేవన్నీ ఆ పిల్లలకూ వర్తింపజేయాలి.

మిగతా రాష్ట్రాలు ఏం చేశాయో మీకు తెలియనిది కాదు. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం 'నోర్కా' శాఖ పెట్టుకుంది. అక్కడ 1998 నుంచి వలసల మీద కొన్ని ఇళ్లను ఎంచుకుని సర్వేలు చేస్తున్నారు, ఏ జిల్లా నుంచి సుమారు ఎంతమంది పోయారో చెప్పగలరు. తెలంగాణ 2024 సెప్టెంబరులో జీవో ఇచ్చి, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయంతో పాటు, గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం అని రాసింది. పిల్లలు అన్న మాట ఒక ప్రభుత్వ ఉత్తర్వులో కనబడింది. మనకు ఏపీఎన్‌ఆర్‌టీ ఉంది, ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది, హెల్ప్‌లైన్ ఉంది, శవాన్ని ఇంటికి చేర్చే అంబులెన్సు కూడా ఉంది. బతికున్న తండ్రి పిల్లల కోసం ఏముంది?

మేం అడుగుతున్నవి ఇవి. వీటిలో చాలా వాటికి పెద్ద ఖర్చు లేదు.

1. లెక్క. ప్రతి బడి అడ్మిషన్ రిజిస్టరులో 'తండ్రి లేదా తల్లి విదేశంలో పనిచేస్తున్నారా, ఏ దేశం' అన్న గడి పెట్టండి. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి రెండింటిలో. ఆ లెక్క పథకాలు కోయడానికి వాడబోమని రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే ఒక్క తల్లి కూడా నిజం చెప్పదు, చెప్పకపోతే తప్పు కూడా కాదు.

2. పేరెంట్ మీటింగుకు ఫోన్ లింకు. ఆ గడిలో పేరున్న పిల్లల తండ్రులతో టర్ముకు ఒకసారి క్లాసు టీచరు వీడియోలో మాట్లాడాలి. శుక్రవారం సాయంత్రం పెడితే గల్ఫ్‌లో చాలామందికి వీలవుతుంది. పది నిమిషాలు చాలు.

3. తల్లి సంతకం, తల్లి లేకపోతే పెంచుతున్న అవ్వ తాతల సంతకం సరిపోతుందని అన్ని బడులకూ ఒక సర్క్యులర్ ఇచ్చి నోటీసు బోర్డు మీద అంటించండి.

4. గ్రామ సచివాలయంలో ఒక ఫైలు. పోయే ముందే పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా పాలసీ కాపీలు, యజమాని ఫోన్ నంబరు ఇచ్చి పోయేలా చూడండి. ఆ కాపీ ఒకటి భార్య దగ్గర ఉండాలి. మనిషి ఫోన్‌కు దొరకని రోజున ఆ ఫైలు తీసి మదద్‌లో ఫిర్యాదు పెట్టే పని సచివాలయం సిబ్బందిది కావాలి. పదో తరగతి పిల్లవాడు ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని చేసే పని కాకూడదు. జిల్లాలో దీనికి బాధ్యుడైన అధికారి ఒకరుండాలి, ఆయన ఫోన్ నంబరు బడి గోడ మీద ఉండాలి.

5. సెలవు పెళ్లిళ్లు. ఎనిమిది నుంచి ఇంటర్ దాకా చదివే ఆడపిల్లల్లో తండ్రి విదేశంలో ఉన్నవాళ్ల జాబితా మహిళా పోలీసు, అంగన్‌వాడీ సూపర్‌వైజరు, క్లాసు టీచరు దగ్గర ఉండాలి. తండ్రి సెలవుకు రాబోతున్నాడని తెలిసిన వెంటనే టీచరు ఆయనతోనే మాట్లాడాలి. కేసు పెడతామని బెదిరించడానికి కాదు, పిల్ల ఏం చదవాలనుకుంటోందో చెప్పడానికి. మాట వినని చోట చట్టం ఎట్టాగూ ఉంది.

6. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద ఆసరా లేని పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. తండ్రి విదేశీ జైల్లో ఉన్నా, ఆచూకీ లేకపోయినా, అక్కడ చనిపోయినా ఆ పిల్లలను జిల్లా బాలల సంరక్షణ విభాగం తానుగా వెతికి పరిశీలించాలి. "భర్త ఉన్నాడు కదా, గల్ఫ్‌లో సంపాదిస్తున్నాడు కదా" అని దరఖాస్తు పక్కన పెట్టకండి. జైల్లో ఉన్నవాడు ఏం సంపాదిస్తాడు?

7. గురుకులాలు, కేజీబీవీల్లో (కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో) ఈ పిల్లలకు ప్రాధాన్యం. తెలంగాణ జీవో నకలు తెప్పించుకుంటే చాలు.

8. పోయేవాళ్లకు ఒకరోజు శిక్షణ ఇస్తారు కదా, అందులో ఒక గంట భార్యాపిల్లలను కూడా కూర్చోబెట్టండి. ఏజెంటు 30,000 మించి అడగకూడదని ఆ గంటలో పిల్లలకు కూడా తెలియాలి. ఇంట్లో లెక్కలు చూసేది వాళ్లే.

9. బడిలో ఒక ఫోన్. గల్ఫ్‌లో ఏదైనా జరిగిందని టీవీలో వచ్చిన రోజున, తండ్రి అక్కడున్న పిల్లవాడికి ఆఫీసులో కూర్చోబెట్టి వాట్సాప్ కాల్ చేయించాలి. దీనికి జీవో కూడా అక్కర్లేదు. హెచ్‌ఎం గారి మనసు చాలు.

ఈ తొమ్మిదింటిలో మొదటిది చేయకుండా మిగతావి జరగవు. అందుకే దానికి గడువు అడుగుతున్నాం. కొత్త విద్యా సంవత్సరం అడ్మిషన్ ఫారాలు అచ్చు వేయించేలోపు ఆ గడి పెడుతున్నారా లేదా అన్నది మాకు రాతపూర్వకంగా చెప్పండి. పెట్టలేమంటే కారణం చెప్పండి. 'పరిష్కారమైంది' అన్న మెసేజ్ మాత్రం పంపకండి. జవాబు రాకపోతే ఈ మండలాల తల్లులం, టీచర్లం మా బడుల్లో మేమే ఆ లెక్క తీసి, కలెక్టరేటుకు వచ్చి మీ చేతికే ఇస్తాం.

ఇట్లు,
ఒక కువైట్ డ్రైవరు కూతురు,
ఉదయగిరి మెట్ట, నెల్లూరు జిల్లా